ముప్పై ఒకటో వరుస

ఇల్లు, కిటికీ పక్క బల్ల
అక్టోబర్ 4

చిన్నీకి,

నీ సెప్టెంబర్ కాగితం నిన్న మధ్యాహ్నం అందింది. మామూలుగా అయితే నిన్ననే జవాబు రాసేదాన్ని. మూడుసార్లు చదవాల్సి వచ్చింది కాబట్టి ఒక రోజు ఆగాను.

మన కాగితంలో ఉండేవి ఐదే గడులు. తేదీ, ఏం చేశాం, ఎన్ని నిమిషాలు, పొద్దున మంచం దిగకముందు నాడి ఎంత, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చెయ్యి ఆనించకుండా లేచామా లేదా. అమ్మ పోయిన నెల నుంచీ పదకొండేళ్ళుగా రాస్తున్నాం. నువ్వు పక్క వీధిలో ఉన్నప్పుడు ఒకే పుస్తకంలో రాసుకున్నాం. ప్రెస్‌లో ఉద్యోగమని నువ్వు ఊరు మారాక ఈ నాలుగేళ్ళూ పోస్టులో పంపుకుంటున్నాం. ఇన్నేళ్ళలో నీ కాగితం చూసి నేను కళ్ళజోడు తుడుచుకున్నది ఇదే మొదటిసారి.

రెండో గడిలో నువ్వు ఎప్పుడూ నడకకి ‘న’ అని రాస్తావు. పన్నెండో తేదీ నుంచి ‘బ’ అని ఉంది. బ అంటే ఏమిటి? బస్సా, బద్ధకమా? బద్ధకమైతే ఎదురుగా తొంభై నిమిషాలు ఎందుకున్నాయి? ఇక నాడి. పన్నెండుకి ముందు అరవై ఎనిమిది, డెబ్భై మధ్య ఉండేది. తర్వాత డెబ్భై ఆరు, డెబ్భై తొమ్మిది, ఒకరోజు ఎనభై మూడు. ఆ ఎనభై మూడుని దిద్ది డెబ్భై మూడు చేశావు. దిద్దింది కనపడుతోంది. రోజంతా ఇతరుల తప్పులు దిద్దే దానివి, నీ దిద్దుబాటు నాకు కనపడదనుకోవడం ఏమిటి?

ఫోన్లో అడగొచ్చు. అడిగితే మాట మార్చేస్తావు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను.

నా కాగితం జతచేశాను. రోజూ నలభై నిమిషాలు, పార్కు నాలుగు చుట్లు. ఒక్కరోజు జలుబు.

అక్క


పై వాటా, వరండా
అక్టోబర్ 11

అక్కకి,

నువ్వు పోలీసు శాఖలో చేరాల్సింది, బావ అదృష్టం బాగుండి వంటింట్లో ఉండిపోయావు.

బ అంటే బట్టీ. మా ప్రెస్ వెనక సందులో పాత గోడౌను ఉంది, లోపలి వేడికి అందరూ దాన్ని బట్టీ అంటారు. అందులో ఒకాయన వ్యాయామం నేర్పుతాడు. ఏసీలు, అద్దాలు, పాటలు ఏమీ లేవు. ఒక ట్రాక్టర్ టైరు, ఓడకి కట్టేంత లావు తాళ్ళు, ఇనప దిమ్మెలు, ఒక పెద్ద సుత్తి. ఆ సుత్తితో టైరుని కొట్టాలి. అందుకే అందరూ ఆయన్ని సుత్తి మాస్టారు అంటారు. మాటల్లో కూడా సుత్తే అని నువ్వంటావని తెలుసు, నేనే అనేశాను.

పొద్దున ఐదున్నరకి మొదలు. పదహారు మందిమి. ఒక డెంటిస్టు, ఇద్దరు బస్సు కండక్టర్లు, ఒక టైలరు, అందరూ నలభై దాటినవాళ్ళే. అక్కడ ఎవరికీ పేరుండదు. నన్ను ‘ప్రూఫు’ అంటారు. గోడ మీద నల్లబోర్డు మీద మా అందరినీ రాశారు. డిసెంబర్ ఇరవయ్యో తేదీన పోటీ. టైరు ఇరవైసార్లు పల్టీ కొట్టించాలి, సుత్తితో రెండు వందల దెబ్బలు, నూరు గుంజీలు, నాలుగంతస్తుల మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాలి. నూరు గుంజీలు నేను ఇప్పుడే తీస్తున్నాను. నలభై నాలుగేళ్ళ దాన్ని, రోజుకి ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చునే దాన్ని. పాత జాకెట్లు రెండంగుళాలు వదులయ్యాయి.

మొదటిరోజు పాతిక గుంజీలకే నేలకి ఒరిగిపోయాను. మాస్టారు వచ్చి, “ప్రూఫమ్మా, ఇన్నాళ్ళూ ఏం చేసేదానివి?” అన్నారు. “రోజూ నలభై నిమిషాలు నడుస్తానండీ” అన్నాను. “నడకా? అది పోస్ట్‌మాన్ కూడా నడుస్తాడు” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం అదే తిరిగింది మనసులో. పదకొండేళ్ళు నడిచి పాతిక గుంజీలు తీయలేకపోతే మనం చేసింది ఏమిటక్కా?

నువ్వు కోప్పడతావని చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను కదా, సరిపోయింది.

చిన్ని


ఇల్లు, కిటికీ పక్క బల్ల
నవంబర్ 3

చిన్నీకి,

జవాబు ఆలస్యమైంది. పనులు. ఇక్కడ అంతా మామూలే.

నీ బట్టీ గురించి నాకు కొన్ని సందేహాలున్నాయి. ఒక్కోటీ అడుగుతాను, ఒక్కోదానికీ జవాబు రాయి.

ఆ మాస్టారు ఎక్కడ నేర్చుకున్నాడు? ఎవరికైనా నొప్పి వస్తే ఏం చేయమంటాడు? బోర్డు మీద పదహారు మందిని రాశారన్నావు. ఇవాళ్టికి ఎంతమంది వస్తున్నారు? మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో ఎవరైనా అడిగారా?

మనం ఎందుకు మొదలుపెట్టామో నీకు గుర్తు చేయాల్సి రావడం నాకు బాగాలేదు. అమ్మ చివరి తొమ్మిదేళ్ళూ కుర్చీలోంచి తనంతట తను లేవలేదు. నువ్వు ఎడమ చంక, నేను కుడి చంక, ఒకటి, రెండు, మూడు. లేపిన ప్రతిసారీ “మిమ్మల్ని కష్టపెడుతున్నాను” అనేది. ఆవిడ పోయిన పదిహేనో రోజున మనిద్దరం అదే గదిలో నేలమీద కూర్చుని ఏమనుకున్నాం? మనల్ని ఎవరూ చంకల్లో చేతులు వేసి లేపకూడదనుకున్నాం. అంతే కదా. ఎనభయ్యో ఏట చాప మీద నుంచి లేవాలి. దానికి ట్రాక్టర్ టైరుతో ఏం పని?

నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అంత వేగం చాలని మొదట్లో నీకు చెప్పింది నేనే, నవ్వింది నువ్వే. నవ్వుతూనే పదకొండేళ్ళు నడిచావు. నీ బట్టీలో పదకొండేళ్ళుగా వస్తున్నవాళ్ళు ఒక్కరున్నారేమో కనుక్కో. నాకు వాళ్ళతో మాట్లాడాలని ఉంది.

పార్కు వాచ్‌మన్ నీ గురించి అడిగాడు. కొత్త బాట వేస్తున్నారని పద్దెనిమిదో తేదీ నుంచి గేటుకి తాళం వేసేశారు, పాపం పనిలేక మా మెట్ల మీద కూర్చుంటున్నాడు. రెండు పూటలా మంచినీళ్ళు ఇస్తున్నాను.

అక్టోబర్ కాగితం జతచేశాను. నీది ఇంకా రాలేదు.

అక్క


ప్రెస్, మధ్యాహ్నం విరామం
నవంబర్ 14

అక్కకి,

నీ ప్రశ్నల పట్టిక అందింది. బోనులో నిలబెట్టినట్టుంది. అయినా చెప్తాను.

ఇప్పుడు తొమ్మిది మందిమి. మిగతావాళ్ళు తట్టుకోలేక మానేశారు. మానేసినవాళ్ళ మీద మాస్టారు సుద్దముక్కతో అడ్డంగా గీత గీస్తారు. మొన్న డెంటిస్టు మీద గీత పడింది. ఏదో పనిమీద ఊరెళ్ళాడట. నా మీద గీత పడదు. అది మాత్రం నీకు రాసిస్తాను.

నొప్పి వస్తే ఏం చేయమంటారని అడిగావు. ఇంకొంచెం చేయమంటారు. అది బలం వచ్చే నొప్పి అంటారు. ఈ వారం చేతులు తలదాకా లేవడం లేదు, నిజమే. కంపోజింగ్ చేసే ఆవిడ నాకు జడ వేస్తోంది. “మీకు పెళ్ళిచూపులా ఏంటండీ, రోజూ నాచేత జడ వేయించుకుంటున్నారు” అంటుంది. దీన్ని కూడా నువ్వు నేరంగా రాసుకుంటావు, రాసుకో.

నాకూ ఒక అనుమానం ఉంది. నువ్వు మంచి కోసం చెప్తున్నావా, లేక నేను నీకంటే ముందుకి వెళ్ళిపోతున్నానని చెప్తున్నావా? చిన్నప్పుడు సైకిలు నేను ముందు నేర్చుకుంటే నువ్వు వారం రోజులు మాట్లాడలేదు. బ్రేకులు సరిగా లేవని నాన్నకి చెప్పింది కూడా నువ్వే.

అక్టోబర్ కాగితం ఇదిగో. నాడి దిద్దలేదు. చూసుకో.

చిన్ని


ఇల్లు, కిటికీ పక్క బల్ల
నవంబర్ 20

చిన్నీకి,

సైకిలు బ్రేకులు నిజంగానే సరిగా లేవు. ఆ సంగతి తర్వాత.

నీ ఉత్తరం కింద మందుల షాపామెకి వినిపించాను. నీ పేరు చెప్పలేదు, తెలిసినవాళ్ళని అన్నాను. చేతులు తలదాకా లేవడం లేదనగానే ఆమె చేస్తున్న పని ఆపింది. “ఎన్ని రోజులైంది?” అంది. వారం అన్నాను. “ఒకటి అడగండి ఆవిడని. సిగ్గుపడకుండా చెప్పమనండి” అంది.

అది ఇక్కడ రాస్తున్నాను, నువ్వూ సిగ్గుపడకు. మూత్రం ఏ రంగులో వస్తోంది? ముదురుగా, మరిగించిన టీ నీళ్ళలా ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలట. రేపు చూద్దాంలే అనుకోకూడదట. ఒంట్లో కండ విరిగితే ఆ ముక్కలన్నీ కిడ్నీల్లో ఇరుక్కుంటాయట. ఒళ్ళు నొప్పులకి మాత్రలు కూడా వేసుకోవద్దంది.

ఇంకో మాట. డెంటిస్టు ఏ ఊరెళ్ళాడు? పళ్ళ డాక్టరు ఊరెళితే తలుపుకి ఎప్పుడొస్తాడో రాసి పెడతాడు. మీ ఊళ్ళో తలుపే కదా, వెళ్ళి చూడు.

ఈ ఉత్తరానికి రెండే జవాబులు కావాలి. రంగు, డెంటిస్టు. మిగతా తిట్లన్నీ తర్వాత తిట్టు.

అక్క


డిసెంబర్ 2

అక్కకి,

నవంబర్ కాగితం పంపుతున్నాను. ప్రెస్‌లో పని ఎక్కువగా ఉంది, పెద్ద ఉత్తరం రాసే తీరిక లేదు. నేను బాగున్నాను. నువ్వు అనవసరంగా కంగారుపడకు. ఫోన్ పాడైంది, చేయొద్దు.

చిన్ని


ఇల్లు, కిటికీ పక్క బల్ల
డిసెంబర్ 7

చిన్నీకి,

మన గీతల కాగితాలు నువ్వే ప్రెస్‌లో కట్టగా వేయించావు. అన్నిట్లోనూ ముప్పై ఒక్క వరుసలుంటాయి. ముప్పై రోజుల నెల వస్తే ముందుగానే స్కేలు పెట్టి ఆఖరి వరుస కొట్టేస్తాం, మొదటి తేదీన చేసే మొదటి పని అది. నీ నవంబర్ కాగితంలో ఆ వరుస కొట్టేయలేదు. పైగా నింపేశావు.

నవంబర్ 31. బ, 90. నాడి 68. లేచాను, టిక్కు.

లేని రోజున నువ్వు తొంభై నిమిషాలు వ్యాయామం చేశావు.

ఆ తర్వాత కాగితాన్ని వెలుగులో పెట్టి చూశాను. మొదటి తేదీ నుంచి ఆ ముప్పై ఒకటి దాకా ఒకే కలం, ఒకే ఒత్తిడి. రోజుకొక వరుస రాసినదైతే ఒకరోజు పలచగా, ఒకరోజు చిక్కగా ఉండాలి. ఇది ఒకే విడతలో రాసింది. కూర్చుని రాసింది కూడా కాదు. అక్షరాలన్నీ కుడిపక్కకి కిందికి జారుతున్నాయి, కలం రెండు చోట్ల కాగితానికి చిల్లు పెట్టింది. బల్ల మీద రాసేవాళ్ళకి చిల్లులు పడవు. పడుకుని, ఒళ్ళో మెత్తటిదేదో పెట్టుకుని రాశావు.

నీ ఉత్తరానికి ఎప్పుడూ రాసే చోటు పేరు పైన లేదు. కవరు మీద పోస్టాఫీసు ముద్ర మీ పేట ముద్ర కాదు. నేను అడిగిన రెండు ప్రశ్నలకీ జవాబు లేదు.

నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు, లేదా ఉండి వచ్చావు. కాదని రాస్తే నమ్మను. ఈ కాగితం చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. మీ బావ కళ్ళద్దాల షాపుకి సెలవు పెట్టి శనివారం బయలుదేరతానన్నారు. వద్దంటే ఇప్పుడే చెప్పు, నిజంతో సహా చెప్పు.

అక్క


పై వాటా, మంచం మీద
డిసెంబర్ 11

అక్కకి,

బావని రావద్దను. నిజం చెప్తాను.

నీ ఇరవయ్యో తేదీ ఉత్తరం నాకు ఇరవై నాలుగున అందింది. ఆ ముందురోజు సుత్తితో రెండు వందల దెబ్బలు పూర్తిచేశాను, ఆపకుండా. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పొద్దున మంచం దిగేటప్పుడు కాళ్ళు నావి కావు అనిపించింది, అయినా ప్రెస్‌కి వెళ్ళాను. మధ్యాహ్నం నీ కవరు వచ్చింది. రంగు అని చదవగానే నాకు నవ్వొచ్చింది, అక్క ఎంతకి దిగజారింది అనుకున్నాను. నవ్వుకుంటూనే బాత్రూంలోకి వెళ్ళాను.

టీ నీళ్ళు కాదక్కా. అంతకంటే ముదురు.

కంపోజింగ్ ఆవిడ ఆటోలో తీసుకెళ్ళింది. ఎనిమిది రోజులు సెలైన్ ఎక్కించారు. రక్తపరీక్ష కాగితం చూసి పెద్ద డాక్టరు చిన్న డాక్టర్ని, “ఈ అంకె సరిగానే రాశారా?” అని అడిగింది. మళ్ళీ పరీక్ష చేయించింది. సరైనదే. కిడ్నీలు కడగాల్సి వస్తుందేమోనని నాలుగు రోజులు చూశారు, అవసరం పడలేదు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే మాత్రం వేరే మాట చెప్పేదాన్ని అంది ఆవిడ. “ఎవరైనా చెప్పి పంపారా?” అని అడిగితే, “మా అక్క ఉత్తరం రాసిందండీ” అన్నాను. “ఉత్తరమా?” అంది.

డెంటిస్టు అదే వార్డులో చేరి వెళ్ళాడట, నాకంటే రెండు వారాల ముందు. నర్సు చెప్పింది. ఊరెళ్ళాడని మాస్టారు అన్నప్పుడు ఆయనకి తెలుసో తెలియదో నాకు తెలియదు. తెలుసనే అనిపిస్తోంది.

నవంబర్ కాగితం ఆస్పత్రి మంచం మీద దిండు ఒళ్ళో పెట్టుకుని నింపాను. గేటు దగ్గర డబ్బాలో వేయించాను. నీకు చెప్తే గెలిచానంటావని. చూశావా, ఆస్పత్రిలో కూడా నా బుద్ధి అదే.

ఆరు వారాలు ఏ వ్యాయామమూ వద్దన్నారు, మెల్లగా నాలుగడుగులు తప్ప. కానీ ఇది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను. నిన్న మాస్టారు ఫోన్ చేశారు. “ఇరవయ్యో తేదీ వచ్చి నిలబడు చాలు, చేయగలిగింది చెయ్యి, నీ మీద గీత గీయనులే” అన్నారు. ఫోన్ పెట్టేశాక షూస్ తీసి తుడిచి పెట్టుకున్నాను. నాకు వెళ్ళాలని ఉందక్కా. ఇంత జరిగాక కూడా ఉంది. ఆ బోర్డు మీద గీత లేకుండా ఉండాలని ఉంది.

ఇంక నా వంతు. మంచం మీద పడుకుంటే పనేముంది, నీ కాగితాలకి ప్రూఫు చూశాను. ఆస్పత్రికి కూడా కవర్లన్నీ తెప్పించుకున్నాను. అక్టోబర్ పద్దెనిమిది నుంచి పార్కుకి తాళం అని నువ్వే రాశావు. అదే కవర్లో ఉన్న నీ కాగితంలో పద్దెనిమిది నుంచి ముప్పై ఒకటి దాకా రోజూ ‘పార్కు, 4 చుట్లు’. గోడ దూకి తిరిగావా? ఇంకా వెనక్కి వెళ్ళాను. పదహారో తేదీ దాకా నీ టిక్కు గుర్తు పొడుగ్గా, పైకి లేచినట్టు ఉంది. పదిహేడు నుంచి పొట్టిగా ఉంది. లేవని మనిషి పెట్టిన టిక్కులా ఉంది. నేను ఆస్పత్రిలో ఉన్నానని తెలిసి కూడా నువ్వు బయలుదేరలేదు, బావని పంపుతానన్నావు. నా జ్వరానికి రెండు బస్సులు మారి వచ్చిన దానివి.

బేరం పెడుతున్నాను. నీ సంగతి నిజం చెప్పు. చెప్తే ఇరవయ్యో తేదీ వెళ్ళను.

చిన్ని


ఇల్లు, పడక గది
డిసెంబర్ 15

చిన్నీకి,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏ పనీ చేయలేదు. కుక్కర్ అడుగంటింది. మీ బావ వాసన పట్టి లేచొచ్చి కట్టేశారు.

బేరానికి ఒప్పుకుంటున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం, ఒక్క నా కుడి మోకాలు తప్ప.

అక్టోబర్‌లో నీ మొదటి ఉత్తరం వచ్చింది కదా, నూరు గుంజీలు తీస్తున్నానని. చదివి బల్ల మీద పెట్టి, బియ్యం ఏరుతూ కూర్చున్నాను. నూరు. బడిలో మాట్లాడినందుకు పంతులమ్మ తీయించేది పది. ఆ పది కూడా నువ్వు ఏడుస్తూ తీసేదానివి, నేను ఏడవకుండా తీసేదాన్ని. ఆ మాటే బుర్రలో తిరిగింది. మర్నాడు స్నానానికి వెళ్ళి తలుపు గడియ పెట్టి మొదలుపెట్టాను.

మొదటిరోజు ముప్పై. రెండోరోజు యాభై. బయటి నుంచి మీ బావ, “లోపల ఏం లెక్కపెడుతున్నావు?” అన్నారు. “టైల్స్” అన్నాను. “ఎందుకు?” అంటే, “రెండు పగిలాయి, మార్పించాలి” అన్నాను. ఆయన నిజంగానే మేస్త్రీని పిలిచి చూపించారు. మేస్త్రీ అరగంట వెతికాడు.

పదహారో తేదీన నూరు తీద్దామనుకున్నాను. డెబ్భై రెండో దగ్గర మోకాల్లో టప్పుమని చప్పుడైంది. బయటికి వినపడిందో లేదో తెలియదు, నాకు మాత్రం తలలో వినపడింది. బకెట్ పట్టుకుని కిందికి జారాను. లేవలేకపోయాను. గడియ అందలేదు. అమ్మని లేపినట్టు ఒకటి, రెండు, మూడు అని నాకు నేనే అనుకున్నాను. అప్పుడు కూడా లేవలేదు. నలభై నిమిషాలు అక్కడే ఉన్నాను చిన్నీ. నా నడకంత సేపు. పక్కవాళ్ళ కుళాయి చప్పుడు వింటూ. చివరికి గోడకి వీపు ఆనించి పాకుతూ లేచాను. సబ్బు మీద జారానని చెప్పాను. నమ్మారు. ఇప్పటికీ బాత్రూంలో సబ్బుపెట్టె మేకుకి తగిలించి పెడుతున్నారు.

మోకాలి కీలు లోపల మెత్తలాంటిది చిరిగిందట. ఆపరేషన్ వద్దన్నారు. రోజుకి పది నిమిషాలు చదునైన చోట నడవమన్నారు, కుర్చీలో కూర్చుని కాలు చాపి దించమన్నారు. నేను అది కూడా సరిగా చేయలేదు. పది నిమిషాలని కాగితంలో రాయడానికి చెయ్యి రాలేదు. నలభై, పార్కు, నాలుగు చుట్లు. పదకొండేళ్ళుగా రాసిన చెయ్యి, తాళం సంగతి ఆలోచించలేదు. వాచ్‌మన్‌కి నీళ్ళిచ్చింది నేనే, అబద్ధం రాసిందీ నేనే, రెండూ ఒకదానికొకటి కలపలేదు.

నువ్వు అన్నది నిజమే. మంచి కోసం చెప్పాను, అసూయతోనూ చెప్పాను. సగం సగం అని రాయబోయాను, అంత కచ్చితంగా కొలవలేను. మందుల షాపామె దగ్గరికి నీ ఉత్తరం పట్టుకెళ్ళింది కూడా నా మోకాలి మాత్రల కోసం వెళ్ళినప్పుడే. అసలు నేను కాలు విరగ్గొట్టుకోకపోతే ఆ ప్రశ్న నీకు అందేది కాదేమో. ఈ ముక్క నాకేమీ ఊరట కాదు, అయినా జరిగింది జరిగినట్టు రాయాలి కదా.

నీ ఆఖరి కాగితంలో ముప్పై ఒకటో వరుస పట్టుకున్నప్పుడు నాకు కోపం రాలేదు. భయం వేసింది. నేను రాస్తున్న దొంగ వరుసలు రెండు నెలలవి. నువ్వు రాసింది ఒక్క నెల. పైగా అప్పటికి నాది ఎవరూ పట్టుకోలేదనే అనుకున్నాను.

ఇక ఆ బోర్డు గురించి. నీ మీద గీత ఉంటే ఏమవుతుంది? డెంటిస్టు మీద గీత ఉంది, ఆయన బతికి ఉన్నాడు. నేను వచ్చి ఆ గీత గీసేదాన్నే, బస్సులు ఎక్కి దిగలేను కాబట్టి ఆగాను. ఆ షూస్ చెత్తబుట్టలో వేయమనను. మళ్ళీ నడకకి పనికొస్తాయి. మంచం కిందికి తోసేయి.

డిసెంబర్ కాగితం ఇప్పటిదాకా ఉన్నది పంపుతున్నాను. దీన్ని మళ్ళీ నాకు తిప్పి పంపు, మిగతా రోజులు రాయాలి. ఒకటి నుంచి ఏడు దాకా ఖాళీ, ఏమీ చేయలేదు. ఎనిమిది: వరండా, నాలుగు నిమిషాలు. పది: ఐదు. పద్నాలుగు: ఏడు, మధ్యలో ఒకసారి గోడ పట్టుకున్నాను. లేవడం దగ్గర టిక్కు లేదు. ‘రెండు చేతులు, మీ బావ భుజం’ అని రాశాను. ఆయన భుజం పట్టుకోవడం మొదటిసారి చాలా చిన్నతనంగా అనిపించింది. రెండోసారి ఆయనే, “ఒకటి, రెండు, మూడు” అన్నారు. ఆయనకి అది ఎలా తెలుసో. పక్కగదిలో కూర్చుని తొమ్మిదేళ్ళూ విన్నారు కదా.

ఇరవయ్యో తేదీ ఏం చేశావో రాయి.

అక్క


పై వాటా, వరండా
డిసెంబర్ 21

అక్కకి,

నీ బాత్రూం కథ మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, రెండోసారి డెబ్భై రెండు దగ్గర ఆగిపోయాను. మేస్త్రీకి ఆ అరగంట కూలి ఇచ్చారా లేదా?

ఇరవయ్యో తేదీ ఐదు గంటలకి మెలకువ వచ్చింది. అలవాటు. షూస్ మంచం కింద ఉన్నాయి, వంగి చూశాను కూడా. వంగితే తొడలు ఇంకా లాగుతున్నాయి. ఐదున్నరకి సందులోంచి సుత్తి చప్పుడు మొదలైంది. మా వరండాకి వినపడుతుందని నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కో దెబ్బా లెక్కపెడుతూ కూర్చున్నాను. నూట నలభై దగ్గర ఎవరిదో ఆగిపోయింది. ఎవరో తెలియదు. కాసేపటికి ఇంకొకరు మొదలుపెట్టారు.

లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసేద్దామనుకున్నాను. నేలమీద కూర్చున్నానని అప్పుడు గుర్తొచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, రెండు చేతులూ దాని మీద పెట్టి, నాకు నేనే లెక్కపెట్టి లేచాను. మూడు దగ్గర లేవలేదు. ఐదు దగ్గర లేచాను.

తర్వాత కిందికి దిగి పోస్టు డబ్బా దాకా నడిచాను, వెనక్కి వచ్చాను. దారిలో కంపోజింగ్ ఆవిడ ఎదురైంది. “పోటీ ఇవాళ కదండీ?” అంది. “అయిపోయింది” అన్నాను. “ఎంతలో వచ్చారు?” అంది. “ఆరు నిమిషాల్లో” అన్నాను. నేనే వేసుకున్న జడ చూసి, వదులైన కొస బిగించి వెళ్ళింది.

నీ డిసెంబర్ కాగితం తిప్పి పంపుతున్నాను. వెనక పేజీలో నాది కూడా రాశాను, మళ్ళీ ఒకే కాగితం చేద్దాం. పుస్తకంలో రాసుకున్నప్పటిలా. నెలకి బదులు వారానికొకసారి అటూ ఇటూ పంపుకుందాం, స్టాంపులు నావి.

నా పక్కన ఇప్పటికి ఉన్నది ఒక్క వరుసే.

డిసెంబర్ 20. న, 6. నాడి 84, దిద్దలేదు. లేవడం: కుర్చీ, రెండు చేతులు, ఐదు అంకెలు.

డిసెంబర్‌లో ముప్పై ఒకటో తేదీ ఉంది. ఆఖరి వరుస కొట్టేయకు. అది ఖాళీగా వదిలాను, ఆ రోజు వచ్చాక రాస్తాను.

చిన్ని